తెగని కొక్కెం మీద వచ్చిన అభియోగం

నాకూ, నా సహోద్యోగి అయిన ఒక డ్రైవరుకూ జరిగిన అన్యాయాల పట్టికను ముందుగా సమర్పిస్తున్నాను. అంకెల్లో తేదీలు వేయగలను. డైరీలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. కానీ తేదీ వేస్తే కార్యాలయం "ఆ తేదీన అట్టి కాగితమేదీ మాకు అందలేదు" అంటుంది. పండుగ పేరు వేస్తే, ఆ ఏడాది అట్టి పండుగ రాలేదని అనడం ఎంతటి కార్యాలయానికైనా కష్టం. అందువల్ల పండుగలే వేస్తున్నాను.

రథయాత్ర మరునాడు: జీపు ముందు బంపరుకు రెండు బలమైన కొక్కేలు అతికించమని నాకు ఉత్తర్వు. లాగుడుకు బంపరు పనికిరాదని నేను రాసిచ్చిన నోటు మీద "చూశాను" అని సంతకం. చూసినవారు చదవలేదు.

విశ్వకర్మ పూజ మరునాడు, నిమజ్జనం వేళ: నా కొక్కేలు తెగలేదు. ఇది అన్యాయాల పట్టికలోకి ఎలా వచ్చిందో ముందు ముందు తెలుస్తుంది. అదే సాయంత్రం డ్రైవరుకు ఎడమ కన్ను పోయింది.

మహాలయ అమావాస్యకు ముందురోజు: విచారణ. నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే.

కాళీపూజ మరునాడు: డ్రైవరు గాయం డ్యూటీలో తగిలినది కాదని నిర్ణయం.

సరస్వతీ పూజకు ముందురోజు: నాకు హెచ్చరిక పత్రం. కారణం, కొక్కేలు అవసరానికి మించిన బలం కలిగి ఉండడం.

హోలీ దాటాక: నా పదవీ విరమణ. శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు. గడియారం ఆ వేదిక మీదే ఆగిపోయింది. దాని గురించి నేను ఫిర్యాదు చేయడం లేదు.

అప్పటినుంచి నేటివరకు: నా లేఖలకు జవాబు లేదు.

ఇన్నేళ్ల తర్వాత ఈ పాత లెక్క ఎందుకు విప్పుతున్నానని ఇది చదివే చిన్నవాళ్లు అడగవచ్చు. ఆ డ్రైవరు ఈ చలికాలం చివర రిటైరవుతున్నాడు. రిటైరైన రోజున మనిషి సర్వీసు పుస్తకం మూసివేస్తారు. ఆ పుస్తకంలో "ఉత్సవంలో స్వచ్ఛందంగా పాల్గొనుచుండగా గాయపడెను" అన్న వాక్యం ఒకటి ఉంది. పుస్తకం మూశాక దానిని ఎవరూ కొట్టివేయలేరు. మూసేలోగా కొట్టివేయించడం ఈ రాత ఉద్దేశం. మిగిలినదంతా జ్ఞాపకం.

నేను ఖరగ్‌పూర్ రైల్వే కారఖానాలో కమ్మరి విభాగం మేస్త్రీగా పనిచేశాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి సుత్తి పట్టుకొని వచ్చాడు, నాన్న అదే సుత్తి పట్టుకున్నాడు, నేను దానితోపాటు కలం కూడా పట్టుకున్నాను. నా కష్టాలన్నీ ఆ రెండోదానివల్ల వచ్చినవే.

మా దగ్గర ప్రమాద సహాయ దళానికి ఒక జీపు ఉండేది. బండి పట్టాలు తప్పితే సహాయక రైలు పట్టాల మీద బయలుదేరుతుంది. కానీ బండి తప్పిన చోట పట్టాలు సరిగా ఉండవన్నది అందరికీ తెలిసిన సంగతే. అందుకని ఇంజనీరునూ డాక్టరునూ రోడ్డు మీద, రోడ్డు లేనిచోట పొలాల మీద తీసుకువెళ్లడానికి నాలుగు చక్రాలూ లాగే ఆ జీపును ఉంచారు. దానికి డ్రైవరు, నేను చెబుతున్న మనిషి. సుభాష్‌పల్లిలో మా వెనక వీధివాడు. తెలుగు క్రైస్తవుడు, తన సంఘంలో పెద్ద. ఆదివారం తెల్లచొక్కాతో ప్రార్థనకు, సోమవారం నల్లచొక్కాతో జీపు కిందకు. నాకంటె చిన్నవాడు కాబట్టి నన్ను అన్నియ్యా అనేవాడు.

ఆ ఏడాది తొలి వానలకు పడమటి వైపు సాలవృక్షాల అడవిలో, ఎర్రమట్టిలో జీపు దిగబడింది. ఊరివాళ్లు ట్రాక్టరు తెచ్చి, తాడు బంపరుకు కట్టి లాగారు. సాయంత్రం జీపు కారఖానాకు వచ్చినప్పుడు బంపరు వెనక సీటులో, ప్రయాణికుడిలా కూర్చొని ఉంది.

"ఏటైనాదిరా?" అన్నాను.

"ఏటవుద్ది అన్నియ్యా! ట్రాక్టరోడు లాగినాడు. మూతి ఊడి ఆడితో ఎల్లిపోనాది, జీపేమో నాతో ఉండిపోనాది. ఆడు ఎనక్కి సూడకుండా సెరుకుతోట దాటీసినాడు, జీపొస్తన్నాదనుకొని. నాను ఎనకాల పరిగెత్తి బంపరు అడుక్కొచ్చినాను."

"మరి జీపెలా వచ్చింది?"

"ఊరు ఊరంతా దిగి తోసినారు. ఆడోల్లే ఎక్కువ తోసినారు. మొగోల్లు సలహా సెప్పినారు."

దీనిమీద పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ముందు బంపరుకు రెండు బలమైన కొక్కేలు అతికించవలెను. మా సహాయ అధికారి దానిని నా బల్ల మీద పెట్టారు. ఆయన బెంగాలీ పెద్దమనిషి, మృదుభాషి. కారఖానా విశ్వకర్మ పూజా కమిటీకి అధ్యక్షుడు కూడా. ఈ రెండు హోదాలనూ పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అవసరమైనప్పుడు ఆయన ఒకదానిని మరిచిపోయేవారు.

మేము మాట్లాడుకున్నది సగం హిందీ, సగం బెంగాలీ. తెలుగులో చెబుతున్నాను.

"సార్, బంపరు మొహాన బొట్టులాంటిది. అందానికి. బొట్టు పట్టుకొని మనిషిని గోతిలోంచి లేపలేం. కొక్కెం ఛాసిస్‌కు పడాలి, అంటే ఎముకకు."

"నువ్వు చెప్పింది ఠీక్ హై, దాదా. కానీ ఉత్తర్వులో ఎముక అని లేదు. బొట్టు అని ఉంది."

"బొట్టుకు కడితే మళ్లీ ఊడుతుంది సార్."

"ఊడితే మళ్లీ ఉత్తర్వు వస్తుంది. అప్పుడు ఎముక అని రాయమని చెబుదాం."

నేను నోటు రాశాను, ఆయన "చూశాను" అన్నారు. తర్వాత నేను, ఉత్తర్వు ఒక్క అక్షరం మీరకుండా, ఉత్తర్వు చెప్పనిది చేశాను. దళసరి ఉక్కు పలకతో కొత్త బంపరు కోయించి, దానిలో రెండు చీలికలు పెట్టాను. జీపు ఛాసిస్ అంటే రెండు పొడవాటి పెట్టె దూలాలు. ఒక్కొక్క దూలానికి ఒక్కొక్క మందపాటి పలకను బోల్టులతో బిగించి, వాటి చివర్లను బంపరు చీలికల్లోంచి బయటకు తెచ్చాను. బోల్టు బిగిస్తే పెట్టె దూలం నొక్కుకుపోకుండా లోపల గొట్టాలు వేశాను, వెనకవైపు మరో పలక ఆనించాను. వెల్డింగు వద్దన్నాను, ఎందుకంటే వేడి తగిలిన చోట దూలం పెళుసెక్కుతుంది. బయటి పలకల చివర గుండ్రని రంధ్రాలు, రంధ్రాల అంచులు నున్నగా అరగదీసినవి, వాటిలో మేకుతో మూసే ఇనుప కడియాలు. చూసేవారికి కొక్కేలు బంపరుకు ఉన్నాయి. లాగేవారికి జీపు మొత్తానికి ఉన్నాయి. పైవాళ్లు చూసేది బంపరు, బురద చూసేది ఛాసిస్ కాబట్టి ఇద్దరినీ సంతోషపెట్టాననుకున్నాను.

పరీక్ష కూడా మా పద్ధతిలోనే చేశాం. బ్రేకులు పట్టేసిన పాత వ్యాగను ఒకటి పక్క పట్టాల మీద, సైడింగులో ఉంది. జీపును దానికి గొలుసుతో కట్టి వెనక్కి నడిపించాం. టైర్లు పొగలు కక్కాయి, కొక్కెం వెంట్రుకంత కదలలేదు. పని మానేసి చూస్తున్న మా షాపు, అంటే కమ్మరి విభాగం, మొత్తం ఈలలు వేసింది. మా దగ్గర షంటింగు జమాదారు ఒకడు ఉండేవాడు. యార్డులో ఇంజన్లకు బండ్లు తగిలించి తగిలించి, మోకాళ్లు అరిగాక మా విభాగానికి వచ్చినవాడు. అతను వచ్చి కొక్కేన్ని దూడను తట్టినట్టు తట్టాడు.

"మేస్త్రీ, ఇది జీపు కొక్కేమా, ఇంజను కొక్కేమా? దీనికి పది పెట్టెలు తగిలిస్తే పురీ ఎల్లి దర్శనం సేసుకొని తిరిగొచ్చెయ్యొచ్చు."

"మీరు ఎక్కకండి మావా," అన్నాడు డ్రైవరు, "బరువుకి తెగిపోద్ది."

విశ్వకర్మ పూజ సంగతి ఖరగ్‌పూర్ వాళ్లకు చెప్పనక్కరలేదు. బయటివాళ్ల కోసం రెండు మాటలు. ఆ ఒక్కరోజు కారఖానా గేట్లు అందరికీ తెరుస్తారు. మగడు ఏడాది పొడవునా ఎక్కడ మసి పూసుకుంటాడో పెళ్లాం పిల్లలు వచ్చి చూస్తారు. లేతు మిషను మెడలో దండ, సుత్తి నుదుట సింధూరం. ఆ రోజు పనిముట్టును ఎవరూ ముట్టరు. మా జీపును కడిగి, కొక్కేలకు బంతిపూలు చుట్టి, పందిరి పక్కన నిలబెట్టారు. అధికారి తన అతిథులందరికీ వాటిని చూపించి, "మా బంపర్ చూడండి" అన్నారు.

డ్రైవరు భార్య కూడా వచ్చింది. పందిరి దగ్గర ఒక హిందీ మేస్త్రీ డ్రైవరును వేళాకోళం చేశాడు: పాదిరీ మనిషివి, నీకు విశ్వకర్మతో ఏం పని అని. డ్రైవరు జీపు అద్దం తుడుస్తూనే జవాబిచ్చాడు. నాకు తెలుగులో మళ్లీ చెప్పాడు: "మా ప్రభువు వడ్రంగి ఇంట పుట్టినోడు. ఈయనా పనోడే. పనోడూ పనోడూ ఒకల్ని సూసి ఒకలు తల ఊపుకుంటారు. మొక్కడం ఏరు, తల ఊపడం ఏరు. నాను తల ఊపినాను."

ఈ తేడాను దయచేసి గమనించండి. సర్వీసు పుస్తకం రాసినవారు గమనించలేదు.

నిమజ్జనం పూజ మరునాడు జరిగింది. అది పనిరోజు. ఉదయం అందరం హాజరు వేశాం. మధ్యాహ్నం దాటాక విగ్రహాన్ని ఒక కాంట్రాక్టరు లారీలో ఎక్కించి, డప్పులతో, బెంగాలీ ఢాక్ డోళ్లతో ఝపటాపూర్ అవతలి చెరువుకు తీసుకువెళ్లారు. నేను షాపులోనే ఉన్నాను. డ్రైవరు తన జీపు పక్కన బల్ల మీద కూర్చొని ఆలస్యంగా అన్నం తింటున్నాడు. టెలిఫోను మోగింది. అధికారి గొంతు, వెనక డప్పులు.

"దాదా, జీపు పంపించు. లారీ బురదలో కూర్చుంది. వెంటనే!"

నేను చెప్పగానే డ్రైవరు సగం అన్నం మీద డబ్బా మూసి జీపులో పెట్టుకున్నాడు.

"దేవుడు దిగబడితే బంట్రోతు తింటా కూకోడం బాగోదు కదేటి," అన్నాడు. "రా అన్నియ్యా, నీ కొక్కేలకి ముహూర్తం పెట్టినారు."

నేనూ ఎక్కాను. నిజం చెప్పాలంటే, నా కొక్కేలు బురద చూడాలని నాకూ ఉబలాటంగా ఉంది.

చెరువు దగ్గర లారీ వెనక్కి నడిచి గట్టు దిగింది, వెనక చక్రాలు ఇరుసు దాకా బంకమట్టిలో ఉన్నాయి. దాని ముఖం రోడ్డు వైపు. పైన విశ్వకర్మ తన ఏనుగుతో సహా ఒక పక్కకు ఒరిగి, ఇదంతా ఎవరు కట్టారా అన్నట్టు చూస్తున్నాడు. అధికారి పట్టు పంచెలో, నుదుట సింధూరంతో, అధ్యక్షుడి హోదాలో ఎదురొచ్చారు.

"లాగండి, లాగండి! దేవుడి కంటే ముందు లారీ మునిగేటట్టుంది."

జీపును లారీకి ఎదురుగా, ముఖానికి ముఖం పెట్టి నిలిపాం. మా వైపు గొలుసు కొక్కేనికి తగిలింది, మేకు పడింది. లారీ వైపు ఎక్కడ తగిలించాలి? ప్రతి లారీకి ముందు మధ్యలో, ఛాసిస్‌కు లాగుడు మేకు ఉంటుంది. దీనికీ ఉంది. కానీ దాని ముందు అరటిబోదెలు కట్టారు, వాటి మీద పూలచాప, చాప మీద కమిటీ వారి గుడ్డ ఫలకం.

"సార్, ఆ అరటిబోదెలు విప్పించండి. వెనక మేకు ఉంది," అన్నాను.

డప్పులవాళ్లు కూడా ఆగి నన్ను చూశారు.

"నిమజ్జనం కాకుండా అలంకారమా?" అన్నారు అధికారి. "అపచారం దాదా. పక్కన కట్టు, బంపర్‌కు కట్టు."

జమాదారు అప్పటికే గొలుసును లారీ బంపరు కొసకు రెండు చుట్లు చుట్టేశాడు. నేను నోటు రాసి, ఉక్కు కోసి, బంపరుకు కట్టకూడదని నా జీపుకు నేర్పాను. లారీకి నోటు రాసే వ్యవధి నాకు దొరకలేదు.

మొదటిసారి డ్రైవరు నెమ్మదిగా వెనక్కి లాగాడు. గొలుసు తీగలా బిగిసింది, జీపు చక్రాలు మట్టి చిమ్మాయి. లారీ కదలలేదు. జమాదారుకు నవ్వొచ్చింది.

"ఒరే బాబూ, బండి ఎలా కదుల్తాదిరా? మొత్తం ఒక్కపాలి కదుల్తాదా? స్లాకియ్యాల. గొలుసు వదులు సేసి ఒక్క ఝట్కా ఇస్తే ఒక్కో పెట్టే నిద్దర లేస్తాది. ముందుకి రా, గొలుసు కిందికి జారనీ, అప్పుడు ఊదెయ్!"

రైలు తెలియనివారికి: వ్యాగన్ల మధ్య గొలుసులు కొంచెం వదులుగా ఉంటాయి, ఇంజను కదిలితే మొదటి వ్యాగను, ఆ ఊపుతో రెండోది, అలా ఒక్కొక్కటే కదులుతాయి, బరువంతా ఒక్కసారి మీద పడదు. వదులే బండిని కదిలిస్తుంది. అక్కడున్న ప్రతి రైలుమనిషికీ ఆ మాట నచ్చింది. నాకూ నచ్చింది. మా ఇంట్లో మూడు తరాలుగా బండి అలాగే కదులుతోంది. బురదలో ఉన్న లారీకి వెనక పెట్టెలు లేవని, ఆ కుదుపంతా ఒక్క బంపరు కొసే మోస్తుందని ఎవరికీ తోచలేదు. ఆ సాయంత్రపు తప్పు ఒక మనిషిది కాదు, అలవాటుది. కానీ అలవాటుకు కార్మికుడికి ఉన్నట్టు హాజరు పట్టీలో టిక్కెట్టు నంబరు ఉండదు కనుక దానిమీద అభియోగం మోపడం సాధ్యం కాదు.

డ్రైవరు ముందుకు వచ్చాడు. గొలుసు నేలమీద పడింది. జమాదారు పచ్చజెండా ఊపినట్టు తువ్వాలు ఊపాడు. జీపు వెనక్కి దూకింది.

లారీ బంపరు కొస విరిగి, గొలుసుతో పాటు గాలిలో లేచి, జీపు అద్దంలోంచి లోపలికి వచ్చింది. డప్పులు కాసేపు అలాగే మోగాయి, తర్వాత ఒక్కొక్కటే ఆగాయి.

నేను తలుపు లాగేసరికి డ్రైవరు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి కూర్చున్నాడు. ఇనుము అతని భుజం పక్కనుంచి సీటులో దిగింది. అద్దం పెంకులు మొహం నిండా ఉన్నాయి. ఎడమ కన్ను మూసుకొని ఉంది, దాని కిందుగా రక్తం చొక్కా మీదకు దిగుతోంది.

"అన్నియ్యా," అన్నాడు, "కొక్కెం ఉందా?"

"ఉందిరా."

"బాగా సేసినావు," అన్నాడు, అప్పుడు చేతులు వదిలాడు.

అతన్ని ఆసుపత్రికి తీసుకువెళ్లాక లారీ సంగతి ఏమైందో నాకు తర్వాత చెప్పారు. అధికారి స్వయంగా అరటిబోదెలు కోయించారట. వెనక మేకుకు తాడు కట్టి, ఊరి ట్రాక్టరు ఝట్కా లేకుండా నెమ్మదిగా లాగితే లారీ పెళ్లికూతురిలా నడిచి వచ్చిందట.

మహాలయకు ముందురోజు విచారణ జరిగింది. విచారణ సంఘం నన్ను అడిగిన ఒక్క ప్రశ్న ఇది: "ఇంత బలం ఎందుకు పెట్టారు?"

"ఉత్తర్వులో 'బలమైన' అని ఉంది సార్."

"బలమైన అంటే ఇంత బలమైనదని ఎవరన్నారు? మీ కొక్కెం ముందే ఊడి ఉంటే లారీ బంపరు విరిగేది కాదు కదా?"

"ఊడి ఉంటే ఆ కొక్కెమే ఎగిరి లారీ డ్రైవరు మీద పడేది సార్."

"లారీ డ్రైవరు మన ఉద్యోగి కాడు," అన్నారు. అది ఓదార్పుగా అన్నారో, తర్కంగా అన్నారో నేటికీ తేల్చుకోలేకపోయాను. డైరీలో మాత్రం రాసుకున్నాను.

తర్వాత మా అధికారి సాక్ష్యం. జీపును ఎవరు పిలిపించారని సంఘం ఆయనను అడిగింది.

"ఆ సాయంత్రం నేను పూజా కమిటీ అధ్యక్షుడిగా ఉన్నాను. అధ్యక్షుడు ఉత్తర్వు ఇవ్వడు. కోరతాడు."

కాళీపూజ మరునాడు నిర్ణయం వచ్చింది. ఆంగ్లంలో రెండు పేరాలు. మొదటి పేరా సారాంశం: నిమజ్జనం ప్రభుత్వ కార్యక్రమం కాదు, అధ్యక్షుని కోరికపై డ్రైవరు స్వచ్ఛందంగా ఉత్సవంలో పాల్గొన్నాడు, కాబట్టి గాయం డ్యూటీలో తగిలినది కాదు. రెండో పేరా సారాంశం: ప్రభుత్వ విధి నిర్వహణలో వినియోగించిన జీపుకు మేస్త్రీ అమర్చిన కొక్కేలు అవసరానికి మించిన బలం కలిగి ఉండుటవలన నష్టం సంభవించింది, కాబట్టి మేస్త్రీ బాధ్యుడు.

అంటే ఒకే సాయంత్రం, ఒకే చెరువు గట్టు మీద, జీపు డ్యూటీలో ఉంది, జీపు సీటులోని మనిషి సెలవులో ఉన్నాడు. నేను గణితంలో మొదటివాణ్ని కాను గానీ ఇటువంటి తీసివేత ఎక్కడా చూడలేదు.

ఆ కాగితం పట్టుకొని డ్రైవరు ఇంటికి వెళ్లాను. అతని భార్య గుమ్మంలోనే నిలబడి విన్నది. నేను తెలుగు చేసి చెప్పాను.

"సెలవంటన్నారా బావగారూ?" అన్నది.

"మొదటి పేరాలో అలా ఉందమ్మా."

ఆమె లోపలికి వెళ్లి ఒక డబ్బా తెచ్చింది. మూడు గిన్నెల స్టీలు డబ్బా, ఒక పక్క సొట్ట.

"సెలవైతే నాను డబ్బా ఎందుకు సద్దినాను? సెలవునాడు ఇంటికాడ తింటారు గానీ డబ్బాలో తింటారేటి? ఇంకా సగం ఉండగానే వొచ్చింది ఇది ఆస్పత్రికి. ఆ దొరగారికి సెప్పండి, సెలవో డూటీయో నాకు తెల్దు గానీ, నాను డబ్బా సద్దినాను."

నా సర్వీసు మొత్తంలో ఇంతటి సాక్ష్యం ఏ విచారణలోనూ వినలేదు. నేను దానిని యథాతథంగా రాసి పంపించాను. జవాబు రాలేదు.

డ్రైవరు కుర్చీలో ఉన్నాడు, కంటికి కట్టు. అతని బాధ నేను ఊహించినది కాదు.

"కన్ను పోనాది సరే అన్నియ్యా. బండి పోనాది సరే. పండగలో గంతులేస్తా కన్ను పోగొట్టుకున్నాడని రాసినారు గదా, నానెప్పుడు గంతులేసినాను? నాను సంఘపెద్దని. రేపు మా పాస్టరు గారు అడిగితే ఏటి సెప్పాల? సర్కారు కాగితం అబద్దమని సెప్పాలా, నాను అబద్దమని సెప్పాలా?"

"నువ్వు పనికి వెళ్లావని చెప్పు."

"సెప్తాను. నమ్మీవోళ్లు నమ్ముతారు. కాయితం మాత్తరం ఎవుల్నీ నమ్మనక్కర్నేదు కదా."

మా అధికారిని నేను రాక్షసుడిగా చూపించదలుచుకోలేదు. ఆయన సందేశ్ మిఠాయి పొట్లంతో డ్రైవరు ఇంటికి వచ్చారు, మంచం అంచున కూర్చొని నిజంగానే ఏడ్చారు. మనిషిగా కన్నీళ్లు పెట్టారు, అధికారిగా సంతకం పెట్టలేదు. సంతకం పెడితే ఆ ఫోను ఉత్తర్వు అవుతుంది. ఉత్తర్వు అయితే, ప్రభుత్వ జీపును దేవుడి లారీకి కట్టించినది ఆయనే అవుతారు. ఆయనకూ బదిలీ భయం, పిల్లల చదువు ఉన్నాయి. నాకు అర్థమైంది. అర్థం కావడం వేరు, ఊరుకోవడం వేరు.

వైద్యులు డ్రైవరును బండి నడపడానికి అనర్హుడన్నారు. అతన్ని గేటు దగ్గర కుర్చీలో వేశారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. జీపు వస్తే లేచి అడ్డుకర్ర ఎత్తుతాడు, కుడికన్నుతో ముందు కొక్కేలు చూస్తాడు, తర్వాత దింపుతాడు. మొన్న నేను వెళ్లినప్పుడు, "నీ కొక్కేలు ఇంకా తుప్పు పట్టనేదు అన్నియ్యా. నానే పట్టినాను," అన్నాడు.

నా ఉద్యోగం ఆఖరి నెలలో మరో చిన్న సంఘటన జరిగింది. దళానికి రెండో జీపు వచ్చింది. దానికీ ముందు కొక్కేలు కావాలని ఉత్తర్వు. చివర ఒక వాక్యం కలిపారు: మొదటి జీపు అనుభవం దృష్ట్యా, బలం కొంత తగ్గించవలెను. ఎంత తగ్గించాలో, ఎవరి మీదికి ఎగరడానికి వీలుగా తగ్గించాలో తెలియజేయమని రాశాను. దానికీ జవాబు రాలేదు. జవాబు వచ్చేలోగా చేతికి పనిలేక, రెండో జీపుకు కూడా మొదటివాటంత బలమైనవే చేశాను.

ఇప్పుడు సాయంత్రాలు ఝపటాపూర్‌లో మా మేనల్లుడి వెల్డింగు దుకాణంలో కూర్చుంటున్నాను. హిజ్లీ వైపు నుంచి, ఇంకా దూరం నుంచి కుర్రాళ్లు పెద్ద టైర్ల జీపులు వేసుకొని వస్తారు. అడవిలోకి, ఏటి ఇసుకలోకి సరదాగా వెళ్లడం ఇప్పటి వేడుక. "అంకుల్, ముందు బంపర్‌కు రెండు హుక్స్. ఎర్ర రంగు. మస్త్ స్ట్రాంగ్‌గా ఉండాలి," అంటారు.

"ఎర్రరంగు మేనల్లుడు వేస్తాడు. బలం నేను చూస్తాను," అంటాను. "బంపరుకు కాదు, ఎముకకు." ఇది విని తలలు ఊపుతారు, వాళ్లకు ఇదివరకే తెలిసి ఉంటుంది, ఈ రోజుల్లో అన్నీ ఫోనులో చూపిస్తున్నారు. తర్వాత నేను అడిగే ప్రశ్నకు మాత్రం ఎవరూ సిద్ధంగా ఉండరు: "నీది సరే బాబూ, అవతలివాడిది ఎక్కడ కడతావు?" గొలుసుకు రెండు కొసలు. మన కొస ఎంత గట్టిదైతే అవతలి కొసకు అంత ప్రమాదం, ఆ ప్రమాదం తిరిగి వచ్చేది మన అద్దంలోంచే. వదులు ఇచ్చి కుదపవద్దు. పక్కన నిలబడి తువ్వాళ్లు ఊపేవాళ్లను దూరంగా పంపించండి. పూలదండ అడ్డుగా ఉంటే తీసేయండి. దేవుడు ఏమీ అనుకోడు, ఆయనా పనివాడే.

ఉద్యోగాలలో చేరబోయేవారికి ఇంకొక మాట. మీకు పని చెప్పినవారు ఏ కుర్చీలోంచి చెబుతున్నారో, ఆ క్షణమే అడిగి తెలుసుకోండి. ఫోనులో డప్పులు వినబడుతున్నా అడగండి.

ఇక సంబంధిత కార్యాలయానికి.

నా ముందటి లేఖలు మీకు అందలేదని భావించే స్వేచ్ఛ మీకు ఉంది. ఈ రాత అచ్చులో వస్తున్నది కాబట్టి ఇది అందినట్టే భావించే స్వేచ్ఛ నాకు ఉంది. నేను అడుగుతున్నది ఒక్కటే. విశ్వకర్మ పూజ మరునాటి ఆ సాయంత్రం, ఆ చెరువు గట్టున, డ్యూటీయా? సెలవా?

సెలవు అని మీ జవాబైతే, రెండో పేరా నిలవదు. దానిని కొట్టివేసి, జీపు ఎవరి సెలవులో అక్కడికి వచ్చిందో తెలుపగలరు.

డ్యూటీ అని మీ జవాబైతే, మొదటి పేరా కొట్టివేసి, డ్రైవరు సర్వీసు పుస్తకంలో "ఉత్సవంలో స్వచ్ఛందంగా పాల్గొనుచుండగా" అన్న మాటలు తీసి, "విధి నిర్వహణలో" అని రాయగలరు. అప్పుడు నా హెచ్చరిక పత్రం అలాగే ఉంటుంది. ఉంచండి. పని మరీ గట్టిగా చేశాడని శిక్షపడినవాడిగా మిగిలిపోవడానికి నాకు అభ్యంతరం లేదు.

ఫోను చేయవద్దు. మనిషిని పంపవద్దు. మిఠాయి పొట్లం వద్దు. డ్రైవరు గేటు దగ్గర ఆఖరిసారి అడ్డుకర్ర దింపేలోగా, ఒక్క మాటలో, సంతకం చేసిన వారి హోదా స్పష్టంగా పేర్కొంటూ, వ్రాతపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అధ్యక్షుడిగా కాదు, మేస్త్రీగా.